కుందేలును పోగొట్టుకొని ఎలుకను పెంచిన వాల్ట్ డిస్నీ

మిక్కీ మౌస్‌ను ఎరుగని బాలబాలికలు నేడు మన సరిహద్దు గ్రామాలలో సైతం అరుదు. పుస్తకాల సంచిపైన, నీళ్ల సీసాపైన, పుట్టినరోజు కేకుపైన ఆ గుండ్రని చెవులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఎలుకకు తండ్రి వాల్ట్ డిస్నీ అని లోకం చెప్పుకుంటుంది. అయితే ఆ ఎలుక పుట్టకముందు ఆయన చేజారిన ఒక కుందేలు ఉంది. ఎలుకను కాగితంపై గీసిన మరొక వ్యక్తి కూడా ఉన్నాడు. ఈ రెండు సంగతులూ తెలిస్తేగాని డిస్నీ జీవితం పూర్తిగా బోధపడదు.

బొమ్మలచేత జనాన్ని నవ్వించడం మనకు కొత్త విద్య కాదు. రామాయణ ఘట్టం గంభీరంగా సాగుతుండగా కేతిగాడు, బంగారక్క తెరపైకి దూరి చేసే అల్లరికి ఊరంతా నవ్విన తోలుబొమ్మలాటలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. కన్నడంలో దీనినే తొగలు గొంబెయాట అంటారు. తోలుబొమ్మను ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి ఆడించవచ్చు. కార్టూను చిత్రంలో అట్లా కుదరదు. బొమ్మ చెయ్యి ఎత్తాలన్నా, కన్ను ఆర్పాలన్నా ఆ కదలికలోని ప్రతి మెట్టునూ విడిగా గీయవలసిందే. తెరపై ఒక్క సెకనులో 24 ఛాయాచిత్రాలు దొర్లిపోతాయి. ఏడెనిమిది నిమిషాల నవ్వుకు వేలాది బొమ్మలు కావాలి. వాటిని గీసేవారు, సెల్యులాయిడ్ పలకలపైకి సిరాతో ఎత్తేవారు, రంగులు నింపేవారు, ఒక్కొక్కటిగా ఫోటో తీసేవారు వేరువేరు. డిస్నీ కథ అంతా ఈ చేతుల చుట్టూనే తిరుగుతుంది.

ఆయన 1901 డిసెంబరు 5న అమెరికాలోని షికాగో నగరంలో జన్మించారు. తండ్రి ఎలయస్, తల్లి ఫ్లోరా. 1906లో ఈ కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరికి వెళ్లి, సుమారు 45 ఎకరాల పొలం కొని సేద్యం మొదలుపెట్టింది. పందులు, కోళ్లు, ఆపిల్ చెట్ల మధ్యనే బాలుడికి బొమ్మలు గీయడం అలవడింది. కొన్నేళ్లకే తండ్రి తీవ్రంగా జబ్బుపడ్డాడు. సేద్యం సాగలేదు. పొలం అమ్మి, పశువులను వేలం వేసి, 1911లో అందరూ కాన్సాస్ సిటీకి తరలిపోయారు. పంట చేతికిరాక హైదరాబాదుకో, పుణెకో తరలిపోయిన కుటుంబాలు మన చుట్టుపక్కల ఎన్ని లేవు! అక్కడ గడిపింది నాలుగైదేళ్లే అయినా, మార్సెలీన్ ఆయన మనసును జీవితాంతం వదలలేదు.

నగరంలో తండ్రి దినపత్రికలు పంచే హక్కును కొన్నాడు. వాల్ట్ చీకటి ఉండగానే లేచి, మోకాలిలోతు మంచులో ఇంటింటికీ పత్రికలు వేసి, ఆపైన బడికి వెళ్లేవాడు. ఆరేళ్లపాటు ఇదే పని. తండ్రి అందుకు కూలి ఇవ్వలేదు. బడిలో పిల్లవాడు కునుకుపాట్లు పడేవాడు. వెనుక వరుసలో కునికే పిల్లవాడిని మందలించే ముందు, తెల్లవారుజామున అతడు ఎక్కడ ఉన్నాడో అడగడం మేలని నాకు అనిపిస్తుంది. ఏదో ఒక ఇంటికి పత్రిక వేయడం మరచిపోయినట్లు పీడకలలు డిస్నీని పెద్ద వయసులో కూడా బాధించాయి.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే రెడ్ క్రాస్ తరఫున ఫ్రాన్సులో బండి నడిపి, 1919లో తిరిగివచ్చి కాన్సాస్ సిటీలో ప్రకటనల బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరారు. అక్కడ పరిచయమైన తోటి వయసు చిత్రకారుడే అబ్ ఐవర్క్స్. మాట తక్కువ, చేయి చురుకు. డిస్నీ పెట్టిన మొదటి కార్టూను సంస్థ 1923లో దివాలా తీసింది. కొద్దిపాటి డబ్బుతో ఆయన రైలెక్కి హాలీవుడ్ చేరారు. క్షయవ్యాధికి చికిత్స పొందుతున్న అన్న రాయ్‌తో కలిసి అదే ఏడాది అక్టోబరు 16న కొత్త సంస్థను ప్రారంభించారు. కొంతకాలానికి ఐవర్క్స్ కూడా వచ్చి చేరాడు. 1925లో, తన వద్దనే బొమ్మలకు సిరా దిద్దే పనిచేస్తున్న లిలియన్‌ను డిస్నీ వివాహమాడారు.

1927లో ఆస్వాల్డ్ అనే కుందేలు పుట్టింది. చార్లెస్ మింట్జ్ అనే పంపిణీదారు ద్వారా యూనివర్సల్ సంస్థ ఆ చిత్రాలను విడుదల చేసేది. కుందేలు జనానికి నచ్చింది. మరికొంత సొమ్ము అడుగుదామని 1928 ఫిబ్రవరిలో డిస్నీ న్యూయార్కు వెళ్లారు. పెంచడం మాట అటుంచి, ఇచ్చేదానిలో సుమారు 20 శాతం తగ్గిస్తానని మింట్జ్ అన్నాడు. కాదంటే, డిస్నీ వద్ద పనిచేసే చిత్రకారులలో చాలామంది అప్పటికే తన వైపు సంతకాలు చేశారని బయటపెట్టాడు. ఒప్పందం తిరగేసి చూస్తే కుందేలుపై హక్కు యూనివర్సల్‌దే. పంట తనదే అనుకొని చెమటోడ్చిన కౌలుదారుకు, పట్టా చూపించి పొలం దిగిపొమ్మన్నట్లయింది. అటు తరువాత తాను సృష్టించిన బొమ్మపై హక్కును డిస్నీ ఎన్నడూ మరొకరికి వదలలేదు.

మింట్జ్ పిలుపుకు లొంగనివాడు ఐవర్క్స్. వెళ్లిపోనున్న చిత్రకారులు మిగిలిన కుందేలు చిత్రాలను పూర్తిచేస్తుండగా, వారి కంటపడకుండా ఆయన ఒక కొత్త ఎలుకను గీయసాగాడు. రోజుకు సుమారు 700 బొమ్మలు గీశాడని చెబుతారు. మిక్కీ అనే పేరు లిలియన్ సూచించినదని ప్రతీతి. మొదటి రెండు మూకీ చిత్రాలను కొనే నాథుడు దొరకలేదు. అప్పటికే మాట్లాడే సినిమాలు రావడంతో మూడవ చిత్రానికి శబ్దం జోడించాలని డిస్నీ నిశ్చయించారు. అదే స్టీమ్‌బోట్ విల్లీ.

శబ్దంతో కూడిన కార్టూన్లు అంతకుముందు కూడా వచ్చాయి. కాని కదలికకు, ధ్వనికి అంతటి పొందిక వాటిలో లేదు. తాళం కొట్టే యంత్రం లెక్క ప్రకారం ఎన్ని బొమ్మలకు ఒక దెబ్బ పడాలో ముందే గుణించుకున్నారు. ఒక రాత్రి తెరపై బొమ్మ నడుస్తుంటే వెనుక నిలబడి హార్మోనికా ఊది, గిన్నెలు మోగించి తమ కుటుంబసభ్యుల ముందే పరీక్షించారు. న్యూయార్కులో వాద్యబృందంతో జరిపిన మొదటి రికార్డింగు చెడిపోయింది. రెండవసారి ఖర్చు కోసం డిస్నీ తన కారును అమ్మించారు. 1928 నవంబరు 18న న్యూయార్కులోని కాలనీ థియేటరులో చిత్రం విడుదలైంది. నిడివి 8 నిమిషాలలోపే. మేక ఒకటి సంగీతం రాసిన కాగితాలను నమిలి మింగుతుంది. దాని తోకను గ్రామఫోను పిడిలా తిప్పితే నోట పాట వినిపిస్తుంది. మిక్కీ ఆవు పళ్లపై వాద్యం వాయిస్తాడు, పిల్లి తోక లాగి రాగం తీయిస్తాడు. చివరకు పడవ అధికారి ఆగ్రహానికి గురై బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూర్చుంటాడు. మాటలతో పనిలేని నవ్వు ఇది. మన ఖటక్ చించోళి వంటి ఊరిలో కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టినా, ఎవరికీ అర్థం చెప్పనవసరం లేదు.

ఐవర్క్స్‌కు సంస్థలో 20 శాతం వాటా ఉండేది. పేరుప్రతిష్ఠలు డిస్నీవి, రాత్రింబవళ్ల చాకిరీ తనది అన్న వెలితి లోలోపల పెరిగింది. 1930 జనవరిలో, మిక్కీ చిత్రాలకు పంపిణీదారుగా ఉన్న పాట్ పవర్స్ సొంత స్టూడియో ఆశ చూపగా ఆయన వెళ్లిపోయాడు. మింట్జ్ చేసిన పనే మరొకసారి జరిగింది. వెళ్తూ తన వాటాను 2,920 డాలర్లకు సంస్థకే వదులుకున్నాడు. ఆ కాగితాన్ని ఉంచుకొని ఉంటే ఆయన మనవలు కుబేరులయ్యేవారు.

తరువాతి పదేళ్లూ విజయపరంపరే. 1932లో మూడు రంగుల టెక్నికలర్ పద్ధతిలో తొలి కార్టూను, 1933లో మూడు పందిపిల్లల కథ, 1934లో డోనాల్డ్ డక్, 1937 డిసెంబరులో పూర్తి నిడివి గల స్నో వైట్ వచ్చాయి. ఆ డబ్బుతో సోదరులిద్దరూ తల్లిదండ్రులకు ఇల్లు కొని ఇచ్చారు. ఆ ఇంటిలో వేడి కోసం పెట్టిన గ్యాసు కొలిమి లోపం వల్ల 1938 నవంబరు 26న తల్లి ఫ్లోరా ఊపిరాడక మరణించింది. ఈ దుఃఖాన్ని గురించి డిస్నీ ఇతరులతో మాట్లాడేవారు కాదు.

ఐరోపాలో యుద్ధం వల్ల విదేశీ రాబడి పడిపోయి 1940 నాటి భారీ చిత్రాలు నష్టపోయాయి. స్టూడియోలో జీతాల తేడాలు, ఉద్యోగాల కోతభయం, తెరపై తమ పేర్లు లేకపోవడం కార్మికులను కుదిపాయి. ఆనాటి పొట్టి చిత్రాలలో కనిపించేది డిస్నీ పేరు ఒక్కటే. గూఫీ పాత్రను తీర్చిదిద్దిన ఆర్ట్ బాబిట్ సంఘంలో చేరి ముందు నిలిచాడు. ఆయనను ఉద్యోగం నుంచి తొలగించగానే 1941 మే 29న సమ్మె ప్రారంభమైంది. తన కుటుంబమనుకున్నవారే గేటు ముందు అట్టలు పట్టుకొని నిలబడటం డిస్నీ తట్టుకోలేకపోయారు. ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో సంఘాన్ని గుర్తించక తప్పలేదు. 1947 అక్టోబరు 24న అమెరికా కాంగ్రెస్ సంఘం ఎదుట సాక్ష్యం ఇస్తూ, ఆ సమ్మె వెనుక కమ్యూనిస్టులున్నారని చెప్పి కొందరి పేర్లు చెప్పారు. ఇది ఆయన జీవితంలో మెచ్చదగని ఘట్టం. కుందేలు పోయిననాడు కడుపు ఎట్లా మండిందో ఎరిగినవాడే, పేరు కోసం అడిగిన చేతుల మంటను ద్రోహంగా చూశాడు.

ఐవర్క్స్ స్టూడియో నిలదొక్కుకోలేదు. 1940లో ఆయన డిస్నీ వద్దకే జీతగాడుగా తిరిగివచ్చి, కెమెరా సాంకేతికతలో అద్భుతాలు సాధించాడు. ఆ సంస్థ అనుభవం మన దేశానికి కూడా అందింది. డిస్నీ వద్ద పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ చిత్రకారులకు శిక్షణ ఇచ్చారు. జాతక కథ ఆధారంగా ది బన్యన్ డీర్ అనే చిత్రం 1957లో వెలువడింది.

1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరుచుకుంది. లోనికి అడుగుపెట్టగానే కనిపించే వీధికి మార్సెలీన్ జ్ఞాపకమే ఆధారం. పోటీ విభాగాలలోనే 22 ఆస్కార్‌లు పొందిన డిస్నీ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1966 డిసెంబరు 15న కన్నుమూశారు. ఐవర్క్స్ 1971లో గతించారు.

ఆస్వాల్డ్ కుందేలు హక్కు 78 ఏళ్ల తరువాత, 2006లో, ఒక క్రీడా వ్యాఖ్యాతను మారకంగా ఇచ్చి డిస్నీ సంస్థ తిరిగి తెచ్చుకుంది. స్టీమ్‌బోట్ విల్లీపై సంస్థకు ఉన్న కాపీహక్కు మాత్రం అమెరికాలో 2023తో ముగిసి, 2024 జనవరి 1 నుంచి ఆ చిత్రం అందరి సొత్తు అయింది. పిల్లలకు దానిని చూపించేవారు పడవ కూత వినపడకముందు వచ్చే పేర్ల పలకను ఒక్క క్షణం ఆపి చూడాలి. డిస్నీ పేరు పక్కనే, చిత్రించినవానిగా అబ్ ఐవర్క్స్ పేరు అక్కడ ఉంది.