బందరు ఓడల అధిపతి మీర్ జుమ్లా

జెడ్డాలో విమానం దిగే మనం, దాదాపు నాలుగు వందల ఏళ్ల క్రితమే మన బందరు ఓడలు ఎర్రసముద్రం దాకా వచ్చేవని గుర్తు చేసుకోవాలి. గోల్కొండ ఓడలు మక్కా యాత్రికులతో పాటు తెలుగు నేతగాళ్ల బట్టలనూ, బియ్యాన్నీ మోసుకొచ్చేవి. జెడ్డా రేవు సుంకాన్ని ఒట్టోమన్ ప్రభుత్వమూ, మక్కా షరీఫూ పంచుకునేవారు. ఆనాటి బందరు వర్తకంలో అగ్రగణ్యుడు మీర్ మహమ్మద్ సయ్యద్. చరిత్రలో ఆయన పేరు మీర్ జుమ్లా.

ఆయన కూడా పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వచ్చినవాడే. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో ఒక నూనె వ్యాపారి కొడుకు. వజ్రాల వర్తకంలో ఆరితేరి గోల్కొండ చేరాడు. 1630లలో మచిలీపట్నం హవల్దారై, ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్ షాకు వజీరయ్యాడు. వజ్రాల గనులు గుత్తకు తీసుకున్నాడు. 1650లో గండికోటను గెలిచాడు. పర్షియాకూ, పెగూకూ, ఎర్రసముద్రానికీ సొంత ఓడలు నడిపాడు.

అదే కాలంలో ఐరోపాలో రాజ్యబలమూ, వాణిజ్యమూ జంటగా నడవాలనే ఆలోచన బలపడింది. 1602లో పుట్టిన డచ్ కంపెనీకి యుద్ధం చేసే హక్కు కూడా ఉండేది. సముద్రం ఎవరి సొత్తూ కాదని 1609లో గ్రోషియస్ పోర్చుగీసు వారికి వ్యతిరేకంగా వాదించాడు. కానీ ఆ డచ్చివారే మన ఓడలు తమ అనుమతి పత్రాలు పుచ్చుకోవాలన్నారు.

మీర్ జుమ్లా దీనికి నేల మీద బదులు చెప్పాడు. కర్ణాటక ప్రాంతంలో బట్టల వ్యాపారాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకుని, కంపెనీలు తన దగ్గరే కొనేలా ఒత్తిడి తెచ్చాడు. మద్రాసు ఇంగ్లీషువారు తన ఓడను పట్టుకుంటే, తర్వాత బెంగాల్‌లో వారి వ్యాపారాన్ని అడ్డుకుని లెక్క అడిగాడు. అయితే ఈ గుత్తాధిపత్యం భారం నేతగాళ్ల మీదా పడింది. కంపెనీలను ఎదిరించాడు గనుక ఆయనను వారి పక్షపాతి అనుకోలేం.

ఆయన బలానికి జడిసిన సుల్తాను 1655లో ఆయన కొడుకును బంధించాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు. 1656లో ఔరంగజేబు సైన్యం హైదరాబాదును దోచుకుంది. బెంగాల్ సుబేదారుగా అస్సాం దండయాత్ర ముగించి తిరిగి వస్తూ 1663లో ఢాకా సమీపంలో మరణించాడు.

ఆ మరుసటి ఏడాది లండన్‌లో థామస్ మన్ గ్రంథం అచ్చయింది. విదేశీ వాణిజ్యమే రాజ్య సంపదకు మూలమన్నది దాని సారం. ఆ కిటుకు మీర్ జుమ్లాకు ముందే తెలుసు. కానీ అక్కడ వర్తకుల వెనుక కంపెనీ, నౌకాదళం నిలిచాయి. ఇక్కడ అంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది. అతను పోయాక ఆ వ్యాపార సామ్రాజ్యం నిలవలేదు. కంపెనీలు మాత్రం మిగిలాయి.