భండారు అచ్చమాంబ గారు

తెలుగునాట స్త్రీవిద్యకై పాటుపడిన తొలి మహిళలలో భండారు అచ్చమాంబ గారొకరు. 1874లో నందిగామ ప్రాంతమున జన్మించిన ఆమెకు బాల్యముననే వివాహమయ్యెను, బడిచదువు అందలేదు. తమ యింట నుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి వద్దనే ఆమె తెలుగు, హిందీ నేర్చిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన ప్రముఖులలో ఆ తమ్ముడొకరు.

ఆ సంవత్సరముననే ఆమె రచించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తొలి భాగము వెలువడెను. 1902లో మచిలీపట్నమున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. పిదప ఊరూర తిరిగి స్త్రీలను కూడగట్టిరి.

కన్నబిడ్డలు పసితనముననే గతించినను దుఃఖమునకు లొంగక, అనాథబాలలను తమ యింట చేరదీసి పెంచిరి. బిలాసపురమున ప్లేగు వ్యాపించినపుడు, ఎల్లరును భయపడి దూరమగు రోగులకు దగ్గరనుండి పరిచర్య చేసిరి. తుదకు ఆ వ్యాధికే లోనై 1905 జనవరి 18న కన్నుమూసిరి. అప్పటికామె వయస్సు ముప్పదియేండ్లు.

అచ్చమాంబ గారికి తమ్ముని పుస్తకములే గ్రంథాలయమైనవి. నేడు మన చందుర్తిలో గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇందలి పుస్తకము ప్రతి యింటి ఆడబిడ్డ చేతికిని చేరవలెను. ఆ మహనీయురాలికి మనము తీర్చుకొనవలసిన ఋణమదియే.