యంత్రవిద్యాతపస్వి జి. డి. నాయుడు

కోయంబత్తూరు మండలములోని కలంగల్ గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన, ఒక రైతుకుటుంబమున గోపాలస్వామి దొరైస్వామి నాయుడు జన్మించెను. ఆ కుటుంబమువారు తమిళదేశమున స్థిరపడిన తెలుగువారు. శైశవముననే తల్లి గతించెను. బాలునకు బడి రుచింపలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ముగిసెను. ఇట్టివాడు ముందుముందు ఒక విద్యాలయమునకు ప్రధానాచార్యుడగునని ఆనాడు ఎవరును ఊహించి యుండరు.

ఒకనాడు ఒక ఆంగ్లేయోద్యోగి మోటారుసైకిలుపై ఆ గ్రామమునకు వచ్చెను. అది ఇంగ్లాండులో రడ్జ్ కంపెనీవారు చేసిన బండి. ఎద్దులు లేవు, గుఱ్ఱములు లేవు. అయినను బండి పరుగెత్తుచున్నది! ఆ వింత నాయుడు మనస్సున నాటుకొనెను. కొనుటకు పైకము లేదు. అతడు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరెను. జీతమును పైసాపైసా కూడబెట్టి, తుదకు రడ్జ్ మోటారుసైకిలును కొనెను.

దానిపై ఊరు తిరుగుటతో అతడు తృప్తి చెందలేదు. మరలను ఒక్కొక్కటిగా విప్పి, ప్రతి భాగమును పరిశీలించెను. తిరిగి కూర్చుట తెలియకున్నచో, కష్టార్జితమంతయు ఇనుపముక్కల కుప్పగా మిగులును. అయినను వెనుదీయక, విప్పినదానిని మరల బిగించి, యంత్రరహస్యమును గ్రహించెను.

అట్టి యంత్రమున నేర్వదగిన సంగతులలో ముఖ్యమైనది వేడి. ఇంజనులో పెట్రోలు మండునపుడు క్షణకాలము 2,000 డిగ్రీల సెంటీగ్రేడును మించిన వేడి పుట్టును. ఆ శక్తిలో సుమారు నాలుగవవంతే చక్రమును త్రిప్పుటకు ఉపయోగపడును. కొంత పొగగొట్టము గుండ వెడలిపోవును. మిగిలినదానిని వెలుపలికి పంపకున్న నూనె పలుచబడును; పిస్టను వ్యాకోచించి సిలిండరులో బిగిసిపోవును. అందులకే సిలిండరు చుట్టును లోహపు రెక్కలుండును. వానివలన గాలి తగులు వైశాల్యము పెరుగును. బండి సాగుచుండగా ఎదురుగాలి వేడిని కొనిపోవును. కావున నడచిన ఇంజను చేయి కాలునంత వేడిగా నుండుట దోషము కాదు. మిక్కిలి చల్లగా నున్నను ఇంధనము చక్కగా మండదు. మితిమీరిన వేడియే ప్రమాదకరము.

నేటికిని పెక్కు మోటారుసైకిళ్లు ఈ విధముననే చల్లబడుచున్నవి. వేసవిలో సూర్యాపేటనుండి కోదాడకు పోవు దారిపై 40 డిగ్రీలు దాటిన వడగాలి వీచినను, అది ఇంజనుకంటె చల్లనిదే. కావున సాగుచున్న బండికి అదియే రక్ష. మిర్యాలగూడలో ధాన్యపు లారీల వెనుక నిలిచి, ఇంజనును ఆపకున్నచో, ఎదురుగాలి లేక వేడి పెరుగును. అపుడు ఇంజను నాపి, బండిని నీడకు చేర్చవలెను. కాలిన సిలిండరుపై చన్నీరు పోయరాదు, లోహము పగులవచ్చును. రెక్కలకు పట్టిన బురదను తుడుచుచు, నూనె తగ్గకుండ చూచుకొనవలెను.

కారణమెరిగి పనిచేయు ఈ అలవాటే నాయుడు అభ్యుదయమునకు మూలమయ్యెను. 1920లో ఆయన ఒక బస్సును కొని, పొల్లాచి–పళని మార్గమున తానే నడిపెను. ఆ ఒక్క బస్సే క్రమముగా యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. 1937లో డి. బాలసుందరముతో కలిసి ఆయన రూపొందించిన విద్యుత్తు మోటారు భారతదేశమున తయారైన వానిలో మొదటిదని ప్రసిద్ధి. బ్యాటరీతో నడచు క్షౌరయంత్రమును గూడ ఆయన నిర్మించెను.

తనకు లభింపని విద్య ఇతరులకు లభింపవలెనని ఆయన కోరిక. కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేర వెలసిన సాంకేతిక విద్యాలయమునకు విరాళమిచ్చి, దానికి ప్రధానాచార్యుడుగా నుండెను. విద్యార్థి పుస్తకముతోపాటు పనిముట్టును గూడ పట్టవలెనని ఆయన అభిప్రాయము. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను.

యంత్రమును నడుపువారు పెక్కుమంది. దాని మర్మమును తెలిసికొనువారు కొందరే. కొన్న వస్తువును విప్పి చూచుటకు సాహసించిన ఆ పల్లెటూరి యువకుని జిజ్ఞాస విద్యార్థులకు అనుసరణీయము.