పదవి తీసుకోవడం వేరు, పదవికి అమ్ముడుపోవడం వేరు



ఎన్నికలొస్తే చాలు, మన వాడల్లో కండువాలు మారిపోతాయి. ఇదేంటని అడిగితే, బాబాసాహెబ్ కూడా పదవులు తీసుకున్నారు కదా అని మనకే ఎదురు చెప్తారు. నిజమే, తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో, ఎప్పుడు వదిలేశారో కూడా మీరు తెలుసుకోవాలి.

1942లో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే, 1943లో, కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. 1947లో, తాను అంతగా విమర్శించిన కాంగ్రెస్ ఏర్పరచిన ప్రభుత్వంలోనే న్యాయమంత్రి అయ్యారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షత వహించారు. కానీ కాంగ్రెస్‌లో చేరలేదు. తన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్‌ను అందులో కలపలేదు.

తర్వాత హిందూ కోడ్ బిల్లు వచ్చింది. ఆడపిల్లకు ఆస్తిలో వాటా, విడాకుల హక్కు, మగవాడికి ఒకే భార్య అనే నియమం అందులో ఉన్నాయి. సనాతనులు అడ్డుపడ్డారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మొదటి సాధారణ ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి. ఒంట్లో చక్కెర జబ్బు. నోరు మూసుకుని కూర్చుంటే కుర్చీకి ఢోకా లేదు. అయినా 1951 సెప్టెంబరు 27న రాజీనామా చేశారు. మన కులాలను పట్టించుకోకపోవడం కూడా అందుకు ఒక కారణం.

ఫలితం ఏమైంది? 1952లో బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలో మళ్లీ ఓడిపోయారు. ఓటమి ఆయన దారి మార్చలేదు.

మతం విషయంలోనూ అంతే. హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించాక ఎన్నో మతాలవాళ్లు పిలిచారు. ఆయన బేరమాడలేదు. 21 ఏళ్లు ఆలోచించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బుద్ధుణ్ణి శరణు వేడారు. అప్పటి చట్టం ప్రకారం బౌద్ధులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. అది మనకు దక్కడానికి 1990 దాకా పట్టింది. లాభం చూసుకునేవాడు ఆ దారిన నడుస్తాడా?

పదవి చెడ్డది కాదు. పదవి మీద తృష్ణే చెడ్డది. మీ ఇంటికి ఓటు అడగడానికి వచ్చిన నాయకుణ్ణి రెండే అడగండి: ఉన్న పదవితో మనకేం చేశావు? మనకోసం ఏ పదవి వదులుకున్నావు? అడిగేముందు, మన ఓటుకు మనం ఏమీ పుచ్చుకోలేదని కూడా చూసుకోండి.

జై భీమ్! నమో బుద్ధాయ!