సవర కొండలకు బడి కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు

గిడుగు వారి పేరు చెప్పగానే తెలుగువారందరికి వాడుక భాష గుర్తుకు వచ్చును. ఆగస్టు 29న, అనగా ఆయన పుట్టిన దినమున, తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆ సభలలో ఉపన్యాసములకు కొదువ లేదు గాని, ఆయన తన ఆరోగ్యమును ధారపోసి నేర్చిన భాష తెలుగు కాదని చెప్పేవారు తక్కువ. కనుక ఈ సంచికలో మేము ఆ సంగతినే ముఖ్యముగా వ్రాయదలచితిమి.

ఆయన 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. మెట్రిక్యులేషను ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. ముఖలింగ దేవాలయ శాసనములను స్వయముగా చదివి అర్థము చేసికొన్న పట్టుదల ఆయనది.

పర్లాకిమిడికి ఎగువనున్న కొండలలో సవరలు నివసింతురు. వారు సంతకు దిగి వచ్చినప్పుడు వర్తకునితోను, అధికారితోను తెలుగులోనో ఒడియాలోనో మాటాడవలసినదే. అర్థము కాక తల ఊపినవాడు మోసపోవును. చదువుకున్న మైదానపు వారికి ఆ భాష ఒక భాషగానే తోచలేదు. దానికి లిపి లేదు, పుస్తకము లేదు. పంతులు గారు రెండు భాషలు తెలిసిన ఒకరిని తమ యింటనే ఉంచుకొని మాట వెంట మాటగా సవర నేర్చిరి. కొండలెక్కి ఆ పల్లెలలో తిరిగిరి. అక్కడి జ్వరమునకు మింగిన క్వినైను మూలమున ఆయన వినికిడి పోయెను. ఇతరుల భాషను చెవితో పట్టవలసిన మనిషికి చెవులే పోవుట ఎంతటి నష్టమో చదువరులు ఊహించుకొనవచ్చును. అయినను పని మానలేదు.

ఆ పని తేలికైనది కాదు. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష. సవర ఈ రెంటికిని చెందక ముండా కుటుంబములోనిది. గొంతులో ఊపిరి క్షణకాలము బిగిసి పలుకు ధ్వని అందులో తరచుగా వినబడును. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. లెక్క పెట్టుటలోను వారి దారి వేరు. పండ్రెండు వరకు లెక్కించి, పదమూడును పండ్రెండు మీద ఒకటి అందురు. ఆ తరువాత ఇరువదులతో సాగుదురు. ఇట్టి భాషను తెలుగు వ్యాకరణపు మూసలో పోయలేదు ఆయన. వారు పలికినట్లే వ్రాసికొని, సూత్రమును ఆ పలుకులలోనే వెదకిరి. మా దృష్టిలో ఆయన పాండిత్యమంతటికి మూలమిదే.

పుస్తకములు వ్రాయుటతో తృప్తి పడక, సవర పిల్లలకు తమ సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు ఇచ్చిరి. ఆయన జీతము గొప్పది కాదు సుమా! మద్రాసు ప్రభుత్వము మెచ్చి పారితోషికము ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టుడని కోరిరట. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినవి. అప్పటికి డెబ్బది అయిదేండ్ల వృద్ధులు.

1907 ప్రాంతమున స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్సు దొర కదిలించిన ప్రశ్నతో వ్యావహారికోద్యమములో దిగిన కథ అందరు ఎరిగినదే గనుక పెంచము. జయంతి రామయ్య పంతులు గారి వంటి పండితులు ఎదిరించిరి. వాదములు ఏండ్ల తరబడి నడిచెను. ఒక్కటి మాత్రము చెప్పవలెను. కొండ పిల్లవానికి వాని పలుకులోనే చదువు చెప్పిన ఉపాధ్యాయునికి, తెలుగు పిల్లవాని పలుకు తప్పుల తడకగా ఎట్లు కనబడును? మా పులిపీఠముల మీద నేటికిని పాత గ్రాంథికపు ముక్కలు దొరలుచుండును. పంతులు గారు వినియుంటే నవ్వుకొనెడివారేమో.

1936లో ఒడిషా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. తెలుగు ప్రాంతములను అందులో కలుపుటను ఎదిరించిన పంతులు గారు, అర్ధ శతాబ్దము కాపురమున్న ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరిరి. వారి బాధ తెలుగువారికి తెలిసినదే. సవరల సంగతి ఎవరును అడుగలేదు. ఒకే కొండ జాతి రెండు రాష్ట్రముల పాలైనది. ఆవలి పిల్లలకు ఒడియా బడి, ఈవలి పిల్లలకు తెలుగు బడి. చిత్రమేమనగా ఆ 1936లోనే మాంగేయి గొమాంగో అను సవర పెద్ద తన జాతి వారికి సొంత లిపి ఒకటి కల్పించెను. దాని పేరు సోరాంగ్ సోంపెంగ్. 2012లో అది కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికకును ఎక్కినది.

పంతులు గారు 1940 జనవరి 22న కన్నుమూసిరి. కుమారుడు సీతాపతి గారు సవర పని కొనసాగించిరి. 2011 జనాభా లెక్కలలో సవర తమ మాతృభాషయని చెప్పినవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. శ్రీకాకుళము కొండలలో సవర వాచకములు తెలుగు అక్షరములలో అచ్చయి, చిన్న తరగతుల పిల్లల చేతికి చేరినవి. పై తరగతులకు పోయేసరికి మరల తెలుగే.