సముద్రానికి దీపమిచ్చిన గుస్తాఫ్ డాలెన్

వెల్డింగు దుకాణం ముందుగా నడిచి వెళ్ళే వారందరూ అక్కడ నిలబెట్టి ఉన్న రెండు సిలిండర్లను చూసే ఉంటారు. ఒకదానిలో ఆక్సిజన్, మెరూన్ రంగు పూసిన రెండవదానిలో ఎసిటిలీన్ ఉంటాయి. ఆ రెండు వాయువులు కలిసి మండినప్పుడు పుట్టే జ్వాల ఉష్ణోగ్రత సుమారు 3,100 డిగ్రీల సెంటీగ్రేడు. ఇనుమును అతకడానికీ, ఉక్కు పలకలను కోయడానికీ ఆ జ్వాలయే ఆధారం. ఉగ్రస్వభావం గల ఎసిటిలీన్ ఆ సిలిండరులో శాంతంగా ఒదిగి ఉండడం వెనుక పలువురు శాస్త్రజ్ఞుల కృషి ఉన్నది. వారిలో ముఖ్యులు, ఆ కృషిలోనే తమ కన్నులను కోల్పోయిన స్వీడన్ దేశపు ఇంజనీరు నీల్స్ గుస్తాఫ్ డాలెన్. వారి జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

డాలెన్ 1869 నవంబరు 30వ తేదీన స్టెన్‌స్టార్ప్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. యౌవనంలో పొలమూ పాడీ చూసుకొనడమే వారి వృత్తి. పాలలోని వెన్న శాతాన్ని కొలిచే సాధనమొకటి స్వయంగా తయారుచేసి, వెన్నతీసే యంత్రంతో కీర్తి గడించిన గుస్తాఫ్ ద లావాల్‌కు చూపించారు. లావాల్ ఆ యువకునిలోని ప్రజ్ఞను గుర్తించి, ముందు సాంకేతిక విద్య నేర్చుకొమ్మని హితవు చెప్పారు. డాలెన్ ఆ మాటను శిరసావహించారు. గోటెన్‌బర్గ్‌లోని చామర్స్ విద్యాసంస్థలో చదివి 1896లో ఇంజనీరు పట్టం పొందారు. తరువాత ఒక సంవత్సరం జ్యూరిచ్‌లో విద్యనభ్యసించారు.

మామిడికాయలను మాగబెట్టడానికి కొందరు వాడే కాల్షియం కార్బైడును మన ప్రాంతంలో ఎరుగని వారుండరు. ఆహార పదార్థాల విషయంలో ఆ వాడకం నేడు నిషిద్ధం. కార్బైడుపై నీరు పడితే వెలువడే వాయువే ఎసిటిలీన్. దాని వెలుగు తెల్లగా, తీవ్రంగా ఉంటుంది. కాని దానిని ఇతర వాయువులవలె ఒత్తిడితో కుదించి నింపితే గాలి సోకకపోయినా పేలిపోతుంది. ఎసిటోన్ అనే ద్రవంలో అది విశేషంగా కరుగుతుందని 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో కనుగొన్నారు. అయినా ప్రమాదం పూర్తిగా తొలగలేదు. సిలిండరులో ఖాళీ ఏర్పడిన చోటల్లా పేలుడుకు అవకాశముండేది. ఆ ఖాళీని నింపడానికి వాడిన పదార్థాలు ప్రయాణపు కుదుపులకు పొడిపొడి అయ్యేవి. కుదుపులకు చెదరని సచ్ఛిద్ర పదార్థమొకటి డాలెన్ రూపొందించారు. దాని సూక్ష్మరంధ్రాలలో ఎసిటోన్, ఎసిటోన్‌లో వాయువు ఇమిడిపోయి, 10 వాతావరణాల ఒత్తిడిలో సిలిండరు తన పరిమాణానికి సుమారు 100 రెట్ల ఎసిటిలీన్‌ను భద్రంగా దాచగలిగింది.

ఈ సిలిండరు నావికులకు వరప్రసాదమైనది. స్వీడన్ తీరమంతా రాళ్ళతో, చిన్న దీవులతో నిండి ఉంటుంది. ప్రతి రాతిపైనా దీపం వెలిగించడానికి మనిషిని కాపలా ఉంచడం అసాధ్యం. డాలెన్ మొదట దీపం ఎడతెగక మండకుండా క్షణకాలం మెరిసి ఆరే యంత్రాన్ని నిర్మించి గ్యాసును ఆదా చేశారు. తరువాత 1907లో సూర్యకవాటాన్ని కనిపెట్టారు. అందులో నాలుగు లోహపు కడ్డీలుంటాయి. ఒకదానికి నల్లని పూత, తక్కిన మూడింటికి మెరిసే బంగారు పూత. పగటి వెలుగును పీల్చుకొని నల్లని కడ్డీ సాగి గ్యాసుదారిని మూస్తుంది. చీకటి పడగానే కురచబడి దారి తెరుస్తుంది. మనిషి చేయి తగలకుండానే దీపం సాయంకాలం వెలిగి, ఉదయం ఆరేది. ఆగా అనే పేరుతో ప్రసిద్ధి చెందిన సంస్థకు 1909లో వారే అధినేత అయ్యారు.

1912వ సంవత్సరం వారి జీవితంలో మరువరానిది. అగ్నిప్రమాదంలో చిక్కుకొన్న సిలిండరు ఏమవుతుందో తెలుసుకొనడానికి వారు స్వయంగా పరీక్షలు జరుపుతుండగా పేలుడు సంభవించింది. శరీరం గాయాలపాలైంది, రెండు కన్నులూ పోయాయి. వారి సోదరుడు ఆల్బిన్ పేరుపొందిన నేత్రవైద్యుడు. అయినా ఆ చూపు మరల రాలేదు. అదే సంవత్సరం భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి డాలెన్‌ను వరించింది. డిసెంబరులో జరిగిన సభకు వారు వెళ్ళలేని స్థితిలో ఉండగా, ఆల్బిన్ వారి పక్షాన ఆ బహుమతిని స్వీకరించారు. రాత్రివేళ నావలకు దారి చూపిన దీపానికే ఆ గౌరవం దక్కింది. దానిని సృష్టించిన వ్యక్తికి మాత్రం ఇక పగలూ రాత్రీ ఒక్కటే అయ్యాయి.

అప్పటికి వారి వయస్సు 43 సంవత్సరాలు. మరొకరైతే అంతటితో విశ్రాంతి కోరుకొనేవారు. కాని డాలెన్ మరో పాతికేళ్ళు సంస్థను నడిపించారు. ఇంట కూర్చున్న రోజులలో వంటపొయ్యి దగ్గర తమ భార్య ఎల్మా పడే శ్రమను గ్రహించి, తక్కువ ఇంధనంతో రేయింబవళ్ళు వేడిని నిలుపుకొనే కొత్త పొయ్యిని 1922లో రూపొందించారు. కన్నులున్న వారెందరికో కనిపించని కష్టం ఆ అంధునికి కనిపించిందని మేము భావిస్తున్నాము. 1937 డిసెంబరు 9న లిడింగోలో వారు పరమపదించారు.

కాలక్రమాన సముద్రదీపాలకు విద్యుత్తు, సౌరశక్తి వచ్చాయి. డాలెన్ పదార్థంలో వాడిన ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు హానికరమని తేలి, కొత్త సిలిండర్లలో వేరే పదార్థాలు చోటుచేసుకొన్నాయి. సూత్రం మాత్రం మారలేదు. ఎసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టి వాడరాదనే నియమం కూడా లోపలి ఎసిటోన్ వాయువుతోపాటు బయటికి రాకుండా ఉండడానికే. ఇటువంటి నియమాలను కార్ఖానాలో పెద్దల చాదస్తంగా తలచేవారున్నారు. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించి నేర్చిన పాఠం. మా విద్యార్థులలో రేపు ప్రయోగశాలలకూ కర్మాగారాలకూ వెళ్ళేవారు అనేకులు. ఇతరుల ప్రాణరక్షణ కోసం చేసిన పరీక్షలో తమ చూపును కోల్పోయిన ఈ మహనీయుని, సిలిండరుపై చేయి వేసిన ప్రతిసారీ ఒక్క క్షణం స్మరించి జాగ్రత్త వహిస్తే, అదే వారికి తగిన నివాళి.