డియెగో రివేరా

డియెగో రివేరా (డిసెంబరు 8, 1886 - నవంబరు 24, 1957) మెక్సికో దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాలయాలు, రాజభవనపు మెట్లదారి, రహదారి పక్కనున్న నాటకశాల ముఖభాగం వంటి, జనం తిరుగాడే చోట్ల గోడలపై బొమ్మలు వేసి తన దేశ చరిత్రను కథగా చెప్పాడు. హోసే క్లెమెంతే ఒరోస్కో, దావీద్ అల్ఫారో సికైరోస్‌లతో కలిపి ఈయనను మెక్సికో కుడ్యచిత్ర ఉద్యమానికి త్రిమూర్తులలో ఒకరిగా పరిగణిస్తారు. చిత్రకారిణి ఫ్రీదా కాలో ఈయన భార్య. గోడమీది కథపై హక్కు గీసినవానిదా, గోడ యజమానిదా, చూసే జనానిదా అన్న వివాదం రివేరాను జీవితాంతం వెన్నంటింది.

బాల్యం, విద్య

రివేరా వెండి గనులకు పేరొందిన గ్వానహ్వాటో నగరంలో జన్మించాడు. కవలగా పుట్టిన సోదరుడు కార్లోస్ రెండేళ్ళయినా నిండకుండానే మరణించాడు. తండ్రి ఉపాధ్యాయుడు, ఉదారవాద భావాలు కలవాడు. పసివాడు గోడలన్నీ గీతలతో నింపుతుంటే, తండ్రి కోప్పడక ఒక గది గోడలను అతని గీతలకే వదిలివేశాడట. రివేరా తన గురించి తాను చెప్పుకున్న కథల్లో అతిశయోక్తులు ఎక్కువ కనుక ఆయన బాల్యవిశేషాలను కొంత జాగ్రత్తగా స్వీకరించవలసి ఉంటుంది.

1890 దశకం తొలినాళ్ళలో కుటుంబం మెక్సికో నగరానికి తరలివచ్చింది. పదేళ్ళ ప్రాయంలో సాన్ కార్లోస్ కళాశాలలో చేరాడు. అక్కడ ఐరోపా పద్ధతిలో రేఖాచిత్రణ నేర్పేవారు. అదే నగరంలో హోసే గ్వాదలూపే పొసాదా అనే చెక్కడపు చిత్రకారుడు ఉండేవాడు. హత్యలు, వరదలు, వీరుల సాహసాలు, రాజకీయ నాయకుల వేషాలు మొదలైన వాటిని అస్థిపంజరాల బొమ్మలతో చిత్రించి, చవక కాగితాలపై అచ్చువేయగా అవి వీధుల్లో అమ్ముడుపోయేవి. వాటితోపాటు కోర్రీదోలు ఉండేవి. కోర్రీదో అంటే జరిగిన సంగతిని వరుసగా చెప్పే కథాగీతం. మన బుర్రకథ వినేవారికి దాని తీరు సులభంగా బోధపడుతుంది. పొసాదాను తన గురువులలో ఒకనిగా రివేరా తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఐరోపాలో

వెరాక్రూజ్ రాష్ట్ర గవర్నరు ఇచ్చిన ఉపకార వేతనంతో 1907లో స్పెయిన్ వెళ్ళాడు. అటుపిమ్మట పారిస్ చేరి, నడుమ కొద్దికాలం స్వదేశానికి వచ్చినా, 1921 వరకు ఐరోపాలోనే గడిపాడు. పికాసో, మొదిల్యాని మొదలైన వారితో పరిచయం కలిగింది. 1913 నుండి సుమారు నాలుగేళ్ళు క్యూబిజం పద్ధతిలో చిత్రించి పేరు తెచ్చుకున్నాడు. రష్యన్ చిత్రకారిణి ఏంజెలీనా బెలోఫ్‌తో సహజీవనం చేశాడు. వారికి పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు.

రివేరా పారిస్‌లో ఉన్న కాలంలోనే మెక్సికోలో విప్లవం (1910-1920) నడిచింది. అనంతరం తన జీవితమంతా చిత్రించిన ఆ విప్లవంలో ఆయన పాల్గొనలేదు. ఈ సంగతిని ప్రత్యర్థులు తరచూ గుర్తుచేస్తూ వచ్చారు.

1920-21లో ఇటలీ పర్యటన ఆయన మార్గాన్ని మార్చింది. జొత్తో మొదలైన వారు చర్చి గోడలపై వేసిన చిత్రాలను చూశాడు. లాటిన్ రాని రైతులు సైతం ఆ గోడలను చూసి క్రీస్తు కథను తెలుసుకోగలిగిన విధానం ఆయనను ఆకర్షించింది. విప్లవానంతర ప్రభుత్వంలో విద్యామంత్రి అయిన హోసే వాస్కోన్‌సెలోస్ కూడా ఇదే ఆలోచనతో ఉన్నాడు. నాటి మెక్సికో జనాభాలో అధిక సంఖ్యాకులు చదువురానివారు. వారికోసం ఒకవైపు పాఠశాలలు తెరుస్తూ, మరొకవైపు ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు.

విద్యామంత్రిత్వశాఖ గోడలు

తిరిగివచ్చిన రివేరా తొలి కుడ్యచిత్రాన్ని జాతీయ సన్నాహక పాఠశాలలో 1922-23లో పూర్తిచేశాడు. సృష్టి అనే ఆ చిత్రంలో విషయమూ, శైలీ ఇంకా ఐరోపావే. అసలైన మలుపు 1923లో మొదలుపెట్టిన విద్యామంత్రిత్వశాఖ భవనంలో కనబడుతుంది. రెండు విశాలమైన నడిమి వాకిళ్ళు, వాటి చుట్టూ మూడంతస్తుల వసారాలు గల ఈ భవనంలో ఐదేళ్ళపాటు శ్రమించి వందకు పైగా చిత్రఫలకాలు వేశాడు.

ఇవి తడిగార మీద వేసే ఫ్రెస్కో చిత్రాలు. మేస్త్రీ ఆ రోజు చిత్రించగలిగినంత మేరకే సున్నపు గారను పూస్తాడు. అది ఆరకముందే నీటిలో నూరిన రంగులతో చిత్రకారుడు పని ముగించాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడుతూ రంగును తనలో బంధించివేస్తుంది. కనుక తప్పు దొర్లితే దిద్దడం కుదరదు, ఆ భాగాన్ని చెక్కివేసి మళ్ళీ గార పూయవలసిందే. రివేరా రోజుకు పన్నెండు గంటలకు పైగా పరంజా మీదనే ఉండేవాడు. తొలిరోజుల్లో రంగు అంటుకోవడానికి నాగజెముడు రసం కలిపి చూశాడు కానీ, మరకలు పడడంతో ఆ ప్రయోగం మానుకున్నాడు.

ఒక వాకిలి చుట్టూ శ్రమను చిత్రించాడు. గనిలోకి దిగే కూలీలు, గని నుండి బయటకు వచ్చేటప్పుడు సోదా చేయించుకుంటున్న కార్మికుడు, నేతగాళ్ళు, కుమ్మరులు, పల్లెబడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయిని ఇక్కడ కనబడతారు. రెండవ వాకిలిలో పండుగలు, సంతలు ఉన్నాయి. పై అంతస్తులో కథనరీతి మారిపోతుంది. ఒక ఫలకం నుండి మరొక ఫలకానికి, వంపుల మీదుగా, ఎర్రని పట్టీ ఒకటి సాగిపోతుంది. దానిపై కోర్రీదో పాటల చరణాలు రాసి ఉంటాయి. వసారాలో నడుస్తున్నవారు పాట వెంట బొమ్మను, బొమ్మ వెంట పాటను చూసుకుంటూ విప్లవకథ చివరిదాకా వెళ్ళవచ్చు. చదువురానివారికోసం వేసిన గోడలపై అక్షరాలెందుకన్న సందేహం రావచ్చు. కానీ కోర్రీదో నలుగురి మధ్య పాడేది, ఒకరు చదివితే పదిమందికి అందేది. ఈ వరుసలోని ఒక ఫలకంలో అమెరికా కోటీశ్వరులు రాక్‌ఫెల్లర్, మోర్గాన్, ఫోర్డ్ ఒక బల్ల చుట్టూ కూర్చొని విందారగిస్తూ ధరల పట్టీని చూస్తుంటారు. మరొకదానిలో యువతి అయిన ఫ్రీదా కాలో కార్మికులకు ఆయుధాలు పంచుతూ ఉంటుంది.

1924లో వాస్కోన్‌సెలోస్ పదవి వీడడంతో పలువురు చిత్రకారులు పని కోల్పోయినా రివేరా పని మాత్రం ఆగలేదు. ప్రభుత్వానికి దగ్గరగా ఉంటాడనే నింద అప్పటినుండే ఉంది. 1922లో కమ్యూనిస్టు పార్టీలో చేరిన రివేరాను 1929లో పార్టీ బహిష్కరించింది. ఆ ఏడాది ఆగస్టు 21న ఫ్రీదాను వివాహమాడాడు. అంతకుముందు గ్వాదలూపే మరీన్‌తో ఆయనకు ఇద్దరు కుమార్తెలు కలిగారు. రివేరా వివాహేతర సంబంధాలు ఫ్రీదాను మిక్కిలి బాధించాయి. 1939లో విడాకులు పొంది, మరుసటి ఏడాది డిసెంబరులో మళ్ళీ వివాహం చేసుకున్నారు.

జాతీయ రాజభవనం

1929లో మెక్సికో నగరంలోని జాతీయ రాజభవనపు మెట్లదారి గోడలు చేపట్టి 1935లో ముగించాడు. మెట్లెక్కేవారికి కుడివైపు స్పెయిన్ దేశీయులు రాకమునుపటి ప్రాచీన లోకం, ఎదురుగా ఆక్రమణ మొదలు విప్లవం వరకు నాలుగు శతాబ్దాలు, ఎడమవైపు వర్తమానం, భవిష్యత్తు ఉంటాయి. మధ్యగోడపై వందలాది మనుషులు కిక్కిరిసి ఉంటారు. ఎవరు ఎవరో తెలియనివారికి కథ అందడం కష్టమే. ప్రాచీన సమాజాన్ని స్వర్ణయుగంగా చూపి, నరబలి వంటి వాటిని దాదాపు విస్మరించాడని చరిత్రకారుల విమర్శ. అయినప్పటికీ ఆదివాసుల వారసత్వాన్ని అవమానంగా కాక గర్వకారణంగా దేశ ప్రధాన భవనంలో నిలిపిన ఘనత ఈ గోడలకు దక్కుతుంది. 1942-51 మధ్యకాలంలో పైఅంతస్తు వసారాలో మరికొన్ని ఫలకాలు చేర్చాడు.

అమెరికాలో పని, వివాదాలు

1930 చివరలో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాడు. 1932లో డెట్రాయిట్ కళా సంగ్రహాలయం ఆహ్వానించింది. అందుకు ధనం సమకూర్చినవాడు ఎడ్సెల్ ఫోర్డ్. నాలుగేళ్ళ క్రితం తండ్రి హెన్రీ ఫోర్డును వెక్కిరిస్తూ గోడ నింపిన చిత్రకారునికే కొడుకు ఈ పని అప్పగించడం విశేషం. రివేరా కొన్ని నెలలపాటు రివర్ రూజ్ కార్ల కర్మాగారాన్ని పరిశీలించి, ముడి ఇనుము మొదలు కారు తయారీ వరకు జరిగే పనిని 27 ఫలకాలలో చిత్రించాడు. ఆయన రాకకు కొద్ది వారాల ముందు, 1932 మార్చిలో, ఆ కర్మాగారం వద్ద నిరుద్యోగుల ఊరేగింపుపై కాల్పులు జరిగి పలువురు మరణించారు. ఆ ఘటన గోడమీదికి ఎక్కలేదు. వివాదం వేరొక దానిపై రేగింది. బిడ్డకు టీకా వేస్తున్న దృశ్యం క్రీస్తు జననాన్ని పోలి ఉన్నదని మతపెద్దలు ఆక్షేపించారు, గోడకు సున్నం కొట్టించాలని పత్రికలో డిమాండు వచ్చింది. ఎడ్సెల్ ఫోర్డ్ చిత్రకారుని పక్షాన నిలబడడంతో చిత్రాలు దక్కాయి. 2014లో వీటికి అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు ఇచ్చింది.

న్యూయార్క్‌లో అలా జరగలేదు. రాక్‌ఫెల్లర్ సెంటర్ ప్రధాన భవనపు ముంగిలిలో కూడలిలో నిలిచిన మనిషి అనే చిత్రానికి 21,000 డాలర్ల ఒప్పందం కుదిరింది. 1933 ఏప్రిల్ నాటికి అందులో లెనిన్ ముఖం ప్రత్యక్షమైంది. ఆ ముఖానికి బదులు ఎవరో తెలియని వ్యక్తి ముఖం వేయవలసిందిగా నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఉత్తరం రాశాడు. లెనిన్‌ను తీసివేయనని, మరొక పక్క అబ్రహాం లింకన్‌ను చేర్చుతానని రివేరా బదులిచ్చాడు. మే 9న ఆయనను పరంజా మీదనుండి దింపి, పూర్తి సొమ్ము చెల్లించి, చిత్రాన్ని గుడ్డతో కప్పివేశారు. 1934 ఫిబ్రవరిలో ఒక రాత్రివేళ దానిని సుత్తులతో పగలగొట్టారు. సహాయకురాలు లూసియెన్ బ్లాక్ రహస్యంగా తీసిన ఛాయాచిత్రాలే మిగిలాయి.

కొన్న బొమ్మను యజమాని దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే గోడతో ఏకమైన బొమ్మను, అదీ వందలమంది చూసే చోట ఉన్నదానిని, యజమాని అన్న హక్కుతో నాశనం చేయవచ్చునా అన్న చర్చ అప్పుడు పెద్దయెత్తున సాగింది. రివేరా అందిన సొమ్ముతో న్యూయార్క్‌లోని ఒక కార్మిక పాఠశాలలో అమెరికా చరిత్రను 21 ఫలకాలుగా వేశాడు. ఈసారి అవి గోడనుండి తీసుకువెళ్ళగలిగేవి! 1934లో మెక్సికో నగరపు లలితకళా భవనంలో ధ్వంసమైన చిత్రాన్ని కొద్ది మార్పులతో తిరిగి చిత్రించి, మధుశాలలో పానపాత్ర పట్టుకొన్న వ్యక్తిగా నెల్సన్ తండ్రి జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను చేర్చాడు.

ఆలమేడా చిత్రం

1947లో హోటల్ దెల్ ప్రాదో భోజనశాల కోసం వేసిన, ఆలమేడా ఉద్యానంలో ఆదివారపు మధ్యాహ్నపు కల అనే చిత్రం రివేరా కథన కౌశలానికి ఉత్తమ ఉదాహరణ. సుమారు 15 మీటర్ల పొడవున నాలుగు వందల ఏళ్ళ చరిత్ర షికారుకు వచ్చినట్లుంటుంది. నడుమ పదేళ్ళ బాలునిగా తానే ఉన్నాడు, జేబులో కప్ప. బాలుని చేయి పట్టుకొన్నది టోపీ ధరించిన అస్థిపంజర స్త్రీ. ఆమె రెండవ చేతిని పొసాదా పట్టుకొని ఉంటాడు. బాలుని వెనుక ఫ్రీదా నిలబడి ఉంటుంది. చక్కని దుస్తుల పెద్దమనుషులు విహరిస్తుంటే, ఒక ఆదివాసి కుటుంబాన్ని పోలీసు గెంటివేయడమూ ఇందులోనే కనబడుతుంది.

19వ శతాబ్దపు మేధావి ఇగ్నాసియో రామీరెజ్ చేతిలోని కాగితంపై దేవుడు లేడన్న మాట రాసినందుకు గొడవ చెలరేగింది. విద్యార్థులు లోనికి జొరబడి ఆ మాటను గీకివేశారు, రివేరా మళ్ళీ రాశాడు. యాజమాన్యం ఏళ్ళ తరబడి చిత్రాన్ని మూసి ఉంచింది. తుదకు 1956లో రివేరా తానే ఆ మాటను తొలగించాడు. న్యూయార్క్‌లో ఒప్పుకోనివాడు ఇక్కడ ఎందుకు ఒప్పుకున్నాడన్నదానికి వయసు, అనారోగ్యం, చిత్రం జనానికి కనబడాలన్న కోరిక వంటి కారణాలు ఊహించవచ్చు. 1985 భూకంపంలో హోటల్ దెబ్బతిన్నా చిత్రం నిలిచింది. దానిని గోడతో సహా తరలించి, 1988లో సమీపంలోనే ప్రత్యేక సంగ్రహాలయం తెరిచారు.

చివరి సంవత్సరాలు

1953లో ఇన్సుర్హెంతెస్ రహదారిపై ఉన్న నాటకశాల ముఖభాగాన్ని గాజుపలకల మొజాయిక్‌తో అలంకరించాడు. దీనిని చూడడానికి టికెట్టు అక్కరలేదు, బస్సులో పోయేవారికీ కనబడుతుంది. సినీ హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్ ధనికుల వద్ద తీసుకొని పేదలకు పంచుతున్నట్లు ఇందులో చూపాడు.

1954 జూలై 13న ఫ్రీదా మరణించింది. అదే సంవత్సరం కమ్యూనిస్టు పార్టీ రివేరాను తిరిగి చేర్చుకుంది. 1955లో ఎమ్మా ఉర్తాదోను వివాహమాడాడు. క్యాన్సర్‌కు మాస్కోలో చికిత్స పొందాడు. 1957 నవంబరు 24న మెక్సికో నగరంలో మరణించాడు. తన చితాభస్మాన్ని ఫ్రీదా భస్మంతో కలపాలని కోరినా అది నెరవేరలేదు. దేశ ప్రముఖుల సమాధి ప్రాంగణంలో అంత్యక్రియలు జరిపారు. ఆయన సేకరించిన వేలాది ప్రాచీన శిల్పాలతో అనావకాయీ సంగ్రహాలయం 1964లో ప్రారంభమైంది.

భారతీయులతో సంబంధం, ప్రభావం

గదర్ ఉద్యమకారుడు, వ్యవసాయ శాస్త్రవేత్త పాండురంగ ఖాన్‌ఖోజే మెక్సికోలోని చపింగో వ్యవసాయ విద్యాలయంలో బోధించేవాడు. అక్కడి పాత ప్రార్థనా మందిరాన్ని రివేరా 1920 దశకంలో చిత్రాలతో నింపాడు. ఇద్దరూ మిత్రులు. విద్యామంత్రిత్వశాఖ గోడమీది, రొట్టె పంచుకునే దృశ్యంలో ఖాన్‌ఖోజే పోలికలు ఉన్నట్లు చెబుతారు.

1960, 70 దశకాలలో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగోలలోని మెక్సికన్ సంతతివారు తమ వాడల గోడలపై తమ కథలను చిత్రించుకోవడానికి ఈ ఉద్యమమే ఆదర్శమయింది. భారతీయ చిత్రకారుడు సతీష్ గుజ్రాల్ 1952లో మెక్సికో వెళ్ళి రివేరా, సికైరోస్‌ల వద్ద శిక్షణ పొందాడు. స్వదేశం తిరిగివచ్చాక ఆయన పలు భవనాలకు కుడ్యాలు రూపొందించాడు. వాటిలో ఢిల్లీ హైకోర్టు గోడమీదిది ప్రసిద్ధం.